రాతి బీటలోంచి వచ్చిన నీళ్లు

“నీళ్లు అద్దంలా ఉన్నాయి” అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, చుట్టాల ఇళ్లలో ఈ ఒక్క మాట మీద నేను పెట్టుకున్న గొడవల్ని మా ఇంట్లోవాళ్లు కథలుగా చెప్పుకొని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. నగర నీటి శాఖలో బావుల తనిఖీదారుగా చేరి, జుట్టు నెరిశాక బయటికొచ్చినవాణ్ణి నేను. అదే శాఖలో ఈ మధ్య చేరిన కుర్రవాళ్లు కొందరు మా ఇంటికొచ్చి, “మీ కాలంలో ఇన్ని యంత్రాలు లేవు కదా, ఎలా నెట్టుకొచ్చారు?” అని అడిగారు. యంత్రాలు లేని మాట నిజమే. మొండితనం ఉండేది. నాకు అందరికంటే కాస్త ఎక్కువగానే ఉండేది. ఆ కుర్రవాళ్ల కోసమే ఒక్క బావి సంగతి రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. పాతబస్తీలో పెద్ద వీధులకు నల్లాలు వచ్చాయి కానీ లోపలి గల్లీలకు ఇంకా రాలేదు. అక్కడివాళ్లకు తాగడానికైనా, వండుకోవడానికైనా బావే దిక్కు. దబీర్‌పురా దాటి ఉప్పుగూడ వైపు వెళ్తుంటే రైలు కట్టకు ఇవతల పాలవాళ్ల బస్తీ ఒకటి ఉండేది. ముందు బర్రెల కొట్టాలు, వెనక ఇళ్లు, నడుమ రాతి కట్టడపు బావి. పాలవాళ్లే కాదు, పక్క గల్లీలో ఉండే గుమాస్తాల కుటుంబాలూ, గుడి పూజారి ఇంటివాళ్లూ ఆ బావి నీళ్లే తాగేవారు. అంత తియ్యటి నీళ్లని పేరు.

వానలు మొదలై గత్తర భయం, అంటే కలరా భయం, పట్టుకోగానే మా శాఖ మనుషులు బావి బావికీ తిరిగి ఎర్రమందు వేసేవాళ్లు. దోసెడు పలుకులు వేస్తే బావెడు నీళ్లూ గులాబీ రంగుకు తిరిగే మందు అది. జనం లాల్ దవా అనేవారు. మందు వేసేవాడు వేసి, మర్నాటిదాకా ఆ నీళ్లు కదపొద్దని చెప్పి పోతాడు. జనం ఆ మాట విన్నారా లేదా అని చూడటం మాత్రం ఎవరి పనీ కాదు.

పాలవాళ్ల బస్తీకి పెద్దదిక్కు ఒక ఆడమనిషి. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇద్దరు కొడుకుల్నీ, కోడళ్లనీ, కొట్టం నిండా బర్రెలనీ ఒంటి చేత్తో నడిపేది. ఆమె గొంతు పెంచితే బర్రెలు కూడా నెమరు ఆపేస్తాయని మా మందు వేసేవాడు అనేవాడు. బావిని ఆమె మామగారు తవ్వించారు. కిందటి ఎండాకాలం అందులో నీళ్లు బాగా అడుగంటి, బర్రెలు నోళ్లు తెరుచుకొని నిలబడితే, ఆమె రాళ్లు కొట్టే మేస్త్రీని పిలిపించి అడుగు బండకు మందుగుండు పెట్టి పేల్పించింది. బండ పగిలి నీళ్లు బుసబుసా ఎగజిమ్మాయట. ఆ రోజు గల్లీ గల్లీకీ బెల్లం పంచారట.

తర్వాత వానలొచ్చాయి. వానల వెనకే గత్తర వచ్చింది. నగరంలో అక్కడక్కడా తగ్గుముఖం పట్టినా ఈ బస్తీలో మాత్రం ఆగి ఆగి వస్తూనే ఉంది. ఒక రోజు మందు వేసేవాడు చొక్కా తడిసిపోయి నా దగ్గరికి వచ్చాడు.

“సారు, గా పాలామె బాయికి నేనింక పోను. బొక్కెనెడు నీళ్లు నెత్తి మీద గుమ్మరిచ్చింది. ఇంకోపారి వస్తే బాయిలనే ఏస్తనన్నది.”

నాకు కోపం నషాళానికంటింది. సర్కారు మనిషి మీద నీళ్లు పోస్తుందా అని అప్పటికప్పుడు సైకిలెక్కి వెళ్లాను. ఆమె బావి గట్టు మీద నడుం మీద చెయ్యి పెట్టుకొని, నా కోసమే కాచుకున్నట్టు నిలబడి ఉంది.

“నువ్వేనా మందు పంపేటోనివి?”

“నేనేనమ్మా.”

“అయితే ఇను. మీ మందు ఏసిన రెండు మూడు దినాలకు మా బస్తీల ఎవలో ఒకలు కక్కుడు బేదులతోని పండుతున్నరు. మందు ఏయని వారం ఎవలకేం కాదు. గిదేం మందు సారు? గత్తరను చంపే మందా, తెచ్చే మందా?”

“మందుతోని యాడనన్న రోగమొస్తదా అమ్మా? చదువుకున్నోళ్లు తయారుచేసిన మందది.”

“నా మనుమరాలు పోయింది,” అంది ఆమె. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. “మీ మందు ఏసిన బాయి నీళ్లే తాగింది. చదువుకున్నోళ్లను ఒచ్చి నాకు చెప్పమను.”

ఆ ముక్కతో నా కోపం ఎటుపోయిందో తెలియదు. సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మందు వల్ల రోగం రాదు, అది నాకు తెలుసు. కానీ ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి మందు వేసినప్పుడల్లా రోగం ఎందుకొస్తున్నట్టు?

మా కార్యాలయంలో ఈ బావి సంగతి అప్పటికే తేలిపోయింది. మా పై అధికారి మంచివాడే, పని తెలిసినవాడు, కానీ ఊరంతా గత్తరతో సతమతమవుతుంటే ఒక్క బావి దగ్గర కూర్చునే తీరిక ఆయనకు లేదు. బావిని రాళ్లూ మట్టీ పోసి పూడ్చేయమని ఉత్తర్వు సిద్ధం చేశాడు. పూడ్చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. బర్రెలకు నీళ్లుండవు. పాలవాళ్లు కొట్టాలెత్తుకొని ఊరవతలికి పోవాలి. గుమాస్తాల ఇళ్లవాళ్లు నల్లా కోసం పెద్ద వీధిదాకా కడవలు మోయాలి. ముత్తాతల నాటి నుంచి ఉన్న బస్తీ చెల్లాచెదురవుతుంది. అదొక్కటే కాదు, నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఎండాకాలం నగరంలో చాలా బావులకు అలాగే మందుగుండు పెట్టి లోతు చేశారు. ఈ బావిలోకి రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోకుండా పూడ్చేస్తే, రేపు ఇంకో గల్లీలో ఇదే జరుగుతుంది. ఎన్ని బావులని పూడుస్తాం?

ఆ మాటే అధికారితో అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“దేఖో మియా, నీకు జిద్దు మస్తుంది. జిద్దుతోని గత్తర పోదు. జుమ్మా దాకా టైమిస్తున్న. శనివారం పొద్దున రాళ్ల బండ్లొస్తయ్. బస్.”

నిజాం సర్కారు రోజులు కాబట్టి శుక్రవారం మాకు సెలవు. అంటే నాకు మిగిలింది ఆ వారంలో ఉన్న నాలుగు రోజులే.

ఇక్కడ కుర్రవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. భూమి నీళ్లను వడపోస్తుందని మీరూ చదువుకొని ఉంటారు. నిజమే. ఆ బావినే తీసుకోండి. పైన మట్టి, దాని కింద ఎర్ర మొరం, ఆ కింద బండ. వాన నీళ్లు మట్టిలోకి ఇంకి, మొరంలో ఇసుక రేణువుల సందుల్లో దారి వెతుక్కుంటూ, నానుతూ, ఆగుతూ, ఎన్నాళ్లకో బావి గోడల్లోంచి చెమట పట్టినట్టు ఊరతాయి. ఆ ప్రయాణంలో మురికి నేలకే అంటుకుపోతుంది. రోగం పుట్టించే క్రిములు మధ్యదారిలోనే చచ్చిపోతాయి. ఇందులో మహిమేమీ లేదు, అంతా ఆ నిదానంలోనే ఉంది. నీళ్లు ఎంత మెల్లగా వస్తే అంత శుభ్రంగా వస్తాయి.

బస్తీ చుట్టుపక్కల కాళ్లరిగేలా తిరిగాను. బర్రెల దొడ్డి బావికి పల్లపు వైపుంది కాబట్టి దాని మీద అనుమానం లేదు. మిట్ట వైపు, రెండు గల్లీల అవతల పెద్ద మురికిగుంట ఉంది. అక్కడి ఇళ్ల సండాసుల నీళ్లు, వానకు కొట్టుకొచ్చిన చెత్త అన్నీ అందులోకే. మా పరీక్షల గదిలో పనిచేసే సహోద్యోగికి ఆ సంగతి చెబితే పెదవి విరిచాడు. అతను నాకంటే చిన్నవాడు, పనిలో శ్రద్ధ ఉన్నవాడే, కాకపోతే ఏ పనైనా చెడిపోయే వైపు నుంచే చూస్తాడు.

“గంత దూరం నుంచి ఎట్లొస్తదన్నా? నడుమ భూమి లేదా? భూమి వడపోసుకోదా? బాయికి గుంటకు నడుమ ఇంత దూరముండాల్నని మన కాయిదాల్ల రాసినదానికంటె ఎక్కువనే ఉంది గద.”

“ఉంటే ఉండనీ. రంగు ఇయ్యి, చూద్దాం.”

అతని బీరువాలో చిన్న సీసాలో ఎర్రటి పొడి ఉండేది. నీళ్లలో కలిపితే పచ్చగా మెరుస్తుంది, ఎంత పలచబడినా కంటికి ఆనుతుంది. యుద్ధం వచ్చాక కొత్త సరుకు రావడం ఆగిపోయింది, కాబట్టి ఆ సీసాని కన్నబిడ్డలా చూసుకునేవాడు. సగం పొడి ఇవ్వడానికి నా చేత దండం పెట్టించుకున్నంత పని చేశాడు. దాన్ని మురికిగుంటలో కలిపాం. రోజంతా బావి గట్టు మీద కూర్చున్నాం, మర్నాడూ కూర్చున్నాం. బావిలో నీళ్లు తేటగానే ఉన్నాయి. పచ్చదనం జాడే లేదు.

“చెప్పిన గద,” అన్నాడతను. సైకిలెక్కుతూ, “ఆ రంగుతోని వేరే నాలుగు బాయిలు చూసుకుంటుంటి,” అని కూడా అన్నాడు.

పాలామె కొట్టంలోంచి అంతా చూస్తూనే ఉంది. అతను పోయాక బయటికొచ్చి నవ్వింది. అది వెక్కిరింపే, దాచుకోలేదు.

“ఏమైంది సారు? నా బాయి దొంగ అని పట్టిస్తివా?”

నాకు ఉక్రోషం వచ్చింది. కానీ లేచి పోలేదు. పోవాలనిపించలేదు. పోతే శనివారం బండ్లు వస్తాయి. ఆమె లోపలికెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. చెంబు అందుకొని నేను ఆగాను. అవి ఏ నీళ్లతో చేసిన మజ్జిగో అని. ఆమె ఇట్టే కనిపెట్టింది.

“తాగు, భయపడకు. నల్లా నీళ్లే. పెద్ద కొడుకు పొద్దుగాల్ల పోయి మోసుకొస్తడు. గా పిల్ల పోయినప్పటి సంది చిన్న కోడలు ఈ బాయి నీళ్లు ముడుతలేదు. దానికి నెలలు నిండినయి.”

మజ్జిగ తాగాను. తాగుతూ, ఊరికే మాట కలపాలని అడిగాను.

“మా మందు ఏసినంక ఆ నీళ్లు తాగబుద్ధి అయితదా అమ్మా?”

“థూ! ఎవలు తాగుతరు ఆ నెత్తురు రంగు నీళ్లు? పాల కడవలు కడిగితే పాలు ఎర్రగైతయి. గిరాకోళ్లు ఊకుంటరా? దేవుని గూట్లె పెట్టొస్తదా?”

“మరి ఏం జేస్తరు?”

“మీవోడు గల్లీ దాటంగనే మోట కడతం. ఎడ్లను మార్చి మార్చి, ఎర్రనీళ్లన్ని పోయి మంచి నీళ్లు ఊరెదాక తోడి పారబోస్తం. అందరం చేస్తం. పూజారి ఇంటోళ్లు గూడ వచ్చి చెయ్యేస్తరు.”

చెంబు కింద పెట్టేశాను.

మా శాఖ మందు వేస్తుంది. బస్తీ ఆ మందును తోడి పారబోస్తుంది. బావి అడుగుదాకా ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన బావి చుట్టూ ఉన్న నీళ్లన్నీ లోపలికి తోసుకొస్తాయి. మామూలు రోజుల్లో మెల్లగా మొరంలోంచి ఊరే నీళ్లే వస్తాయి. తోడినప్పుడు మాత్రం అడుగున పగిలిన బండలోంచి, ఏదో బీటలోంచి, దూరం నుంచి, వడపోత అన్నదే లేకుండా ఉరికొస్తాయి. బీటకు మట్టీ లేదు, ఇసుకా లేదు. అందులో నీళ్లకు ఆగే చోటే లేదు. మందు పేరు చెప్పి మేము, మడి పేరు చెప్పి వాళ్లు, ఇద్దరం కలిసి ఆ గుంటను బావిలోకి లాగుతున్నాం. ఆమె చెప్పిన లెక్క సరైనదే. మందు వేసినప్పుడల్లా రోగం వస్తోంది. మేమిద్దరం ఒకరినొకరు తిట్టుకున్నామే కానీ నిలబడి చూడలేదు.

“శుక్రవారం పొద్దుగాల్ల మోట కడతవా అమ్మా?” అన్నాను. “మందు లేకుండనే. మీరు ఎప్పుడు తోడినట్టే తోడుండ్రి.”

“ఎందుకు?”

“నీ బాయి దొంగనో కాదో తేలుస్త.”

పరీక్షల గది సహోద్యోగి సెలవు రోజు ఇంటి దగ్గర లుంగీ కట్టుకొని ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. సగం వింటూనే చొక్కా తొడుక్కున్నాడు. సీసాలో మిగిలిన పొడంతా తెచ్చాడు. “ఇదే ఆఖరుది, ఇంక లేదు,” అన్నాడు కానీ ఈసారి దండం అడగలేదు. పొద్దున్నే గుంటలో కలిపాం. అప్పటికే బావి దగ్గర మోట కట్టేశారు. ఎడ్లు ఏటవాలు దారిలో దిగడం, తోలు సంచి పైకొచ్చి కాలువలో నీళ్లు కుమ్మరించడం, మళ్లీ వెనక్కి ఎక్కడం. జనం గుమిగూడారు. గుమాస్తాలు సెలవని వచ్చారు, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డారు. పాలామె అందరికీ ముందు, కాలువ పక్కనే ఉంది.

ఎడ్లను మార్చారు. నీళ్లు దిగిపోతున్నాయి, తేటగానే వస్తున్నాయి. సూర్యుడు నడినెత్తి నుంచి వాలాడు. మోట మరోసారి పైకొచ్చి కాలువలో నీళ్లు పోసింది. ఎండ తగిలిన చోట అవి పచ్చగా మెరిశాయి.

తర్వాతి మోట ఇంకా పచ్చగా వచ్చింది. ఎడ్లు తోలేవాడు పగ్గం వదిలేశాడు.

“గవి గా గుంటల నీళ్లేనా సారు?” అంది పాలామె.

“అవునమ్మా.”

“గవేనా నా పిల్ల తాగింది?”

అబద్ధం చెప్పాలనిపించింది. ఉద్యోగంలో అంత గట్టిగా అబద్ధం చెప్పాలనిపించిన సందర్భం నాకు మరొకటి లేదు. “అవునమ్మా,” అన్నాను.

ఆమె కాలువ గట్టు మీద కూలబడింది. ఏడవలేదు. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి ఆమె తలెత్తి బావి వైపు చూసింది.

“గా బండను పేల్పిచ్చింది నేనే. వద్దని మా పెద్దోడు అన్నడు. బర్లు సస్తున్నయని నేనే ఇనలే.” ఆమె లేచి నిలబడింది. “పూడ్చెయ్యిండ్రి. రేపొచ్చే బండ్లు ఇయ్యాల్నే రమ్మను. ఇది నా కండ్ల ముంగట ఉండద్దు.”

ఆ వారమంతా బావిని పూడ్చకుండా ఆపడానికి పోట్లాడాను. ఇప్పుడు పూడ్చమంటున్నది బావి మనిషే. జనం కూడా తలలూపుతున్నారు. నాకు మళ్లీ మొండితనం వచ్చింది. వాదిస్తే లాభం లేదని తెలుసు. చూపిస్తే తప్ప ఆ మనిషి నమ్మదు. రాళ్లు కొట్టే మేస్త్రీ గుంపులోనే ఉన్నాడు. అతని చేతికి రెండు గాజు గ్లాసులిచ్చి, తాడు కట్టి, దాదాపు ఖాళీ అయిన బావిలోకి దింపాను. ఒక గ్లాసు అడుగు బండ బీట దగ్గర పట్టమన్నాను. రెండోది గోడలో, మొరంలోంచి ఊరే చోట పట్టమన్నాను. మొరం ఊట దగ్గర గ్లాసు నిండేసరికి అతనికి చెయ్యి నొప్పి పుట్టింది. పైకి “ఎంత సేపు సారు?” అని అరుస్తూనే ఉన్నాడు.

రెండు గ్లాసులూ ఎండలో గట్టు మీద పక్కపక్కనే పెట్టాను. ఒకటి పచ్చగా ఉంది, రెండోదానిలో రంగు లేదు. రంగు లేనంత మాత్రాన అది తాగడానికి పనికొస్తుందని నేను అనలేదు. అది పరీక్షల గది చెప్పాలి. కానీ గుంట నీళ్లు ఏ దారిన వస్తున్నాయో అందరి కళ్లకూ కనబడింది.

“ఇది మీ మామ తవ్విన బాయి,” అన్నాను రంగు లేని గ్లాసు చూపించి. “ఇన్నేండ్లు ఎవలను చంపలే. కింద మనం తెరిచింది మూస్తే మల్ల అట్లనే అయితది. గుంటను మేం తీపిస్తం. కాని ఒక్క మాట అమ్మా. కింద మూస్తే నీళ్లు ఎన్కటి లెక్కనే ఊరతయి. ఎండకాలం తక్కువైతయి. బర్లకు సాలవు. నేను అబద్ధం చెప్పను.”

ఆమె ఆ గ్లాసును చాలాసేపు చూసింది. చివరికి, “మూయిండ్రి,” అంది.

శనివారం పొద్దున బండ్లతో పాటు అధికారి కూడా వచ్చాడు. కాలువలో ఇంకా పచ్చదనం ఉంది. ఆయన గ్లాసులు చూశాడు, గుంట దాకా నడిచి చూశాడు, వెనక్కి వచ్చాడు. “దూరం సరిపోతదని కాయిదం మీద రాసింది మనమే,” అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు మార్చి, “నీళ్లు బాగలేవని పరీక్షల్ల వస్తే, పూడ్చుమని నువ్వే రాసిస్తవు. మంజూరా?” అన్నాడు. మంజూరే అన్నాను. ఆయన రాళ్ల బండ్లను వాపసు పంపలేదు. అవే రాళ్లు అడుగు నింపడానికి పనికొస్తాయన్నాడు. ఆ మాటకు మాత్రం ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

యుద్ధం మూలంగా సిమెంటు ఎక్కడా దొరకలేదు. గానుగ సున్నం, ఇటుక పొడి కలిపి బీటల్లో దట్టించాం. దాని మీద బంకమట్టి కొట్టించాం. ఆపైన రాళ్లు, గులకరాళ్లు, నయాపూల్ దగ్గర మూసీ నుంచి తోలించిన ఇసుక. మొదటి తట్ట ఇసుక పాలామే మోసుకొచ్చి పోసింది. తర్వాత బస్తీ అంతా తట్టలు పట్టింది. గుంటను తోడి, మురుగుకు వేరే దారి తవ్వించాడు అధికారి. ఆ తవ్వకంలో అవతలి గల్లీవాళ్లతో నేను పెట్టుకున్న లొల్లి ఇంకో కథ, అది ఇక్కడ వద్దు. బావిని ఒకసారి మందుతో కడిగి తోడాం. ఆ తర్వాత ఎవ్వరూ ముట్టకూడదని బావి మీద తడకలు కప్పించాం. ఊట నిదానంగా పైకి వచ్చింది.

మొదటి పరీక్షలో నీళ్లు బాగా లేవు. పరీక్షల గది సహోద్యోగి నా ముఖం చూడలేక గోడ వైపు చూస్తూ చెప్పాడు. పూడ్చమని రాసివ్వాల్సిన రోజు వచ్చిందనుకున్నాను. అధికారి దగ్గరికెళ్లి, కొత్తగా పోసిన ఇసుక సర్దుకోవాలని, ఇంకొన్నాళ్లు కావాలని అడిగాను. ఆయన అరిచాడు. నేనూ అరిచాను. చివరికి ఇచ్చాడు. ఆ రోజుల్లో ఇంట్లో అన్నం పెడితే తిన్నానో లేదో నాకు గుర్తులేదు. రెండో పరీక్షలో కాస్త నయం. తర్వాతి నమూనా తీసుకెళ్లిన సహోద్యోగి కబురు పంపకుండా తానే సైకిలు తొక్కుకుంటూ బస్తీకి వచ్చాడు. చెడ్డ వార్తకు అతనెప్పుడూ అంత వేగంగా తొక్కడు. అందుకే అతను నోరు తెరవకముందే నాకు అర్థమైంది.

“మంచిగున్నయన్నా,” అన్నాడు రొప్పుతూ. “మూడుసార్లు చూసిన. మంచిగున్నయి.”

తడకలు తీశారు. బస్తీ అంతా కడవలు పట్టుకొని వచ్చింది కానీ ఎవరూ ముందుకు రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. చిన్న కోడలు చంటిబిడ్డను ఎత్తుకొని గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను తాగుతానని చెయ్యి చాపాను. పాలామె నా చెయ్యి పక్కకు తోసింది.

“ఆగు. నేనే తెరిపిచ్చిన, నేనే మూపిచ్చిన. ఏమన్నైతే నాకే కానీ.”

బొక్కెన తనే చేదింది. చెంబులో పోసుకొని గటగటా తాగేసింది. తాగి, చెంబు బోర్లించి, చిన్న కోడలి వైపు చూసి రమ్మని తల ఊపింది. ఆ పిల్ల మెల్లగా వచ్చి కడవ పెట్టింది. ఆ వెనక మిగతా ఆడవాళ్లు కదిలారు.

అప్పుడే పెద్ద కొడుకు అలవాటు కొద్దీ బర్రెలను విప్పి తొట్టి దగ్గరికి తోలుకొస్తున్నాడు. బావిలో నీళ్లు మునుపటికి సగం కూడా లేవు, తోడుతుంటే దిగిపోవడం కనిపిస్తూనే ఉంది. పాలామె వెళ్లి తొట్టికి అడ్డంగా నిలబడింది.

“ముంగట మనుషులకు. అందరి కడవలు నిండినంక మిగిల్తె బర్లకు.”

“అవి పొద్దుగాల్ల సంది తాగలే అమ్మా,” అన్నాడు కొడుకు.

“నీళ్లు సాలకుంటె అమ్ముదాం. బర్లను మల్ల కొనుక్కోవచ్చు బిడ్డా.”

ఆ తర్వాతి మాట ఆమె అనలేదు. కొడుకు తల దించుకొని బర్రెలను వెనక్కి తిప్పాడు. ఆ రోజు అవి సాయంత్రందాకా ఆగాయి.